పగలని రొట్టెలు

గ్లఫీరా ఎవ్సేయెవ్నాకు తోడేళ్ళంటే భయం లేదు, జిల్లా పోలీసు అధికారి అంటే అసలే లేదు. ఆ చలికాలమంతా ఆమెను వణికించినవి, పొయ్యిలోంచి చక్కగా పొంగి బయటికొచ్చిన రొట్టెలు.

సూరా నది ఒడ్డున ఓ చిన్న పట్నంలో ఆమె చర్చి పూజకు రొట్టెలు కాల్చేది. భర్త అదే చర్చిలో కీర్తనలు పాడేవాడు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు, నది మీద మంచు కరిగే రోజుల్లో, అడ్డదారిన నడిచి మునిగిపోయాడు. అంత తొందరేమొచ్చిందో! ఆ పని నడవడి మంచిదైన విధవలకే ఇస్తారు కనుక చర్చి వెనుక పొయ్యీ, దాన్ని ఆనుకుని ఒక గదీ ఆమెకు దక్కాయి. అప్పటినుంచి ఇరవై రెండేళ్ళు. పిండి పిసికేటప్పుడు పొల్లు మాట ఆడకూడదు, పెదవుల మీద ప్రార్థన ఆగకూడదు. రొట్టె మీద వేసిన సిలువ ముద్ర పొయ్యిలో పగిలిందంటే, కాల్చినామె మనసులో ఏదో మైల ఉందని ఊరంతా చెప్పుకునేది. పిండి ఎక్కువ పులిసినా పగులుతుందని గ్లఫీరాకు తెలుసు. తెలిసినా ఊరి మాటే నమ్మేది.

శరదృతువులో గొంతు మూసుకుపోయే జ్వరం వచ్చి, ఒక్క వారంలో ఆ వీధి పిల్లలు ఆరుగురిని పొట్టన పెట్టుకుంది. ఆరుగురి పేరిటా ఆమే రొట్టెలు కాల్చింది. ఆరోసారి పిండిలో చేతులు పెట్టి నోరు తెరిస్తే ప్రార్థన రాలేదు. వినేవాడు ఎవడూ లేడు, ఇది వట్టి పిండి, అన్న ఆలోచన వచ్చి కూర్చుంది. ఎంత గెంటినా కదల్లేదు. నోరు మూసుకునే పిసికింది, ముద్ర వేసింది, పొయ్యి ముందు కూర్చుని ముద్ర ఎప్పుడు పగులుతుందా అని కాచుకుంది.

ఒక్కటీ పగల్లేదు. మరుసటి వారమూ అంతే. ప్రార్థన లేకుండా నాలుగు నెలలు కాల్చిన రొట్టెలు ఎన్నడూ లేనంత నునుపుగా వచ్చాయి. ఒక్కటి పగిలినా, పైన ఎవరో చూస్తున్నారని ఏడ్చి మొక్కి బతికిపోయేది. చావుబతుకుల్లో ఉన్న ముసలివాళ్ళు ఆ రొట్టెకే నోరు తెరుస్తుంటే ఆమె చూపు తిప్పుకునేది. ఊరందరినీ మోసం చేస్తున్నానని తెలుసు. చెబితే పొయ్యీ పోతుంది, గదీ పోతుంది. ఆ వయసులో ఎక్కడికి పోవాలి?

ఈస్టరు ముందు ఉపవాసాలు మొదలయ్యాయి. ఏడాదికోసారి గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి, తప్పించుకోవడానికి లేదు. శుక్రవారం మధ్యాహ్నం, గురువు కూర్చునే తెర ముందు వరసలో ఆమె వెనకాలే ఉస్తీన్యా నిలబడింది. ఈమె గురువుకు పూజలో సాయపడే డీకనుకు మరదలు, విధవ. ఆ పొయ్యి మీద కన్నుపడి ఏళ్ళయింది.

"ఏం ఎవ్సేయెవ్నా, మొహం అలా పాలిపోయిందేం?"

"చలి."

"చలా! పొద్దస్తమానం పొయ్యి పక్కనుండేదానికి చలేంటి తల్లీ! ఈమధ్య నీ గదిలోంచి ప్రార్థన వినబడ్డం లేదేమని మా అక్క అడుగుతోంది."

గ్లఫీరాకు పై ప్రాణాలు పైనే పోయాయి. "గొంతు బాలేదు" అంది.

"అయితే లోపల మెల్లగా చెప్పుకో. ఆ తెర మరీ పల్చన. నా చెవులు మాత్రం బాగానే ఉన్నాయి" అని ఉస్తీన్యా నవ్వింది.

తెర వెనుక ముసలి గురువు నికాందర్ తన మెడలో వేలాడే పూజ పట్టీ కొసను ఆమె తలమీద కప్పాడు. ఆ ఊళ్ళో పాపాలు ఎవరూ సొంతంగా చెప్పరు. గురువు వరసగా అడుగుతాడు, అన్నిటికీ ఒకటే జవాబు. పొద్దుటినుంచీ రెండొందలమంది అదే చెప్పి వెళ్ళారు.

"ఉపవాసంలో పాలు తాగావా?"

"పాపిని, తండ్రీ."

"ఎవరినైనా ఆడిపోసుకున్నావా?"

"పాపిని, తండ్రీ."

"దేవుణ్ణి శంకించావా?"

"పాపిని, తండ్రీ."

"పూజకు ఆలస్యంగా వచ్చావా?"

అయిపోయింది! నిజం చెప్పేసింది, అందరి జవాబులో కలిసిపోయి ఎవరికీ వినబడలేదు. అబద్ధమూ ఆడలేదు, గదీ పోలేదు. గుండె తేలికపడింది. ఆ తేలికకే ఒళ్ళు జలదరించి, ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది.

"తండ్రీ, దానికి ముందుది."

"ఏది?"

"శంక. అందరిలా నోటిమాటగా అన్లేదు నేను. నిజంగానే నమ్మడం లేదు. నాలుగు నెలలుగా ప్రార్థన లేకుండానే కాలుస్తున్నా. ఒక్కటీ పగల్లేదు."

తెర అవతల దగ్గుతున్న ఉస్తీన్యా ఠక్కున ఆగింది. గురువు ఆమె వైపు వంగాడు.

"ఊరుకుంటే నాకు తెలిసేది కాదుగా. ఎందుకు చెప్పావు?"

"భయమేసింది."

"ఉస్తీన్యాకు భయపడితే నోరు మూసుకునేదానివి. నాకు భయపడినా అంతే. మరి ఎవరికి భయపడ్డావమ్మా?"

ఆమె ఆయన చేతిని వదిలేసింది.

ఆయన క్షమాపణ ప్రార్థన చదివి, "ఉస్తీన్యా విన్నది. పొయ్యి నీకే ఉంచుతానని మాటివ్వలేను" అన్నాడు. ఆమెకు అది సగమే వినబడింది.

బయట పట్టపగలు, ఆవరణలో నరపురుగు లేదు. నాలుగు నెలలుగా పైన ఎవరూ లేరేమోనని భయపడింది. ఇప్పుడు ఉన్నాడేమోనని భయం పట్టుకుంది. ఈ భయం ముందు అది ఏపాటిది! తలెత్తే ధైర్యం లేక, కాళ్ళ కింది మంచునే చూసుకుంటూ గది దాకా పరుగెత్తింది.