మెడలో సూది ఉండగా పలికిన ఆమెన్

ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ వందనాలు. నా పేరు సుగుణ, మాది చర్ల దగ్గర పల్లె, మా సంఘంలో పాట ఎత్తేది నేనే. అలాంటి నా మెడ మీద పోయిన చలికాలంలో ఒక గడ్డ లేచింది, నొప్పి లేదు, మింగితే పైకీ కిందికీ కదిలేది, అంతే! భద్రాచలం దవాఖానాలో స్కానింగ్ తీసి థైరాయిడ్ గడ్డ అన్నారు, అది మంచిదో చెడ్డదో తెలియాలంటే సన్న సూదితో అందులోంచి కాస్త తీసి చూడాలి, ఖమ్మం వెళ్ళమన్నారు. ఇంటికి రాగానే నన్ను చూడవచ్చినవాళ్ళందరూ, గడ్డకు సూది తగిలితే ఒళ్ళంతా పాకుతుందని చెప్పారు, నా పై ప్రాణాలు పైనే పోయాయి! క్యాన్సరైతే గొంతు కోస్తారు, గొంతు పోతే పాట పోతుంది, పాట పోయాక దేవునికి నాతో ఏం పని అని కుమిలి కుమిలి ఏడ్చేదాన్ని. ఎండాకాలం వచ్చినా మెడకు కొంగు చుట్టుకునే తిరిగాను. పాటలు ఎత్తడం మానేశాను.

మా ఆయన అక్క రూతమ్మ వదిన చూసి చూసి ఒకనాడు ఆ కొంగు లాగేసింది. "దేవుణ్ణి నమ్ముకున్ననంటవ్, సూదికి భయపడ్తవ్, గిదేం విశ్వాసమే సుగుణా? పొద్దుగాల బస్సెక్కుదాం, పా" అన్నది.

ఖమ్మంలో డాక్టరమ్మ, సూదితో ఏ గడ్డా పాకదని నిదానంగా నచ్చజెప్పింది, బల్ల మీద పడుకోబెట్టి తల వెనక్కి వంచి, సూది లోపల ఉన్నంతసేపు మింగవద్దు, మాట్లాడవద్దు అన్నది. సరేనని కళ్ళు మూసుకున్నాను. సూది దిగింది. సరిగ్గా అప్పుడే తలుపు బయట మా వదిన, ఆమె గొంతు ఎంత పెద్దదో మా సంఘమంతటికీ తెలుసు, "తండ్రీ, మా మరదలి మెడ మీద నీ చెయ్యి పెట్టు, యేసయ్య నామంల అడుగుతున్నం తండ్రీ" అని ప్రార్థన ముగించింది. సహోదరులారా, ఆ మాట వినబడితే మనం ఏమంటాం? ఊహ తెలిసిన నాటి నుంచీ అలవాటైన నోరు ఊరుకుంటుందా? సూది మెడలో ఉండగానే ఆమెన్ అనేశాను! డాక్టరమ్మ గబుక్కున సూది లాగేసి, కోప్పడబోయి నవ్వేసి, మళ్ళీ గుచ్చాలన్నది, నర్సును పంపి వదినను కాసేపు ఆగమన్నది.

రెండోసారి నోరు బిగబట్టుకొని లోపలే అడిగాను. "ప్రభువా, నాకిప్పుడు గొంతు లేదు. నా మాట నీకు వినబడుతున్నదా?" అంతే, నా గుండెలోకి ఎంత నెమ్మది వచ్చిందో ఎట్లా చెప్పను! ఆయన నన్ను ప్రేమించింది నా పాట కోసం కాదని, మూగదాన్నైనా నేను ఆయన బిడ్డనేనని ఆ బల్ల మీద నాకు అర్థమైంది, రిపోర్టు రాకముందే నా భయం పోయింది!

తర్వాత రిపోర్టు వచ్చింది, క్యాన్సర్ కాదన్నారు, అప్పుడప్పుడు స్కానింగ్ తీయించుకుంటే చాలన్నారు, దేవునికే మహిమ! గడ్డ ఇప్పటికీ నా మెడలోనే ఉంది సహోదరులారా, అది ఉండగానే ఆయన నన్ను విడిపించాడు! ఇలాంటి గడ్డను ఎవరికీ చెప్పకుండా దాచుకొని ఏడుస్తున్నవాళ్ళు మీలో ఉంటే, ఆయన మీద భారం వేసి పరీక్షకు బయలుదేరండి. తోడు కావాలంటే నేనూ వదినా వస్తాం, ఆమె చేత ప్రార్థన మాత్రం దవాఖానా గేటు బయటే చేయిస్తాను.