చీనీ తోట తొట్టిలో మేఘన మొదటి మునక

మొన్నటిదాకా నేను నిండా నీళ్ళల్లో దిగింది జీవితంలో ఒక్కసారే. అది నా పెండ్లయిన మరుసటి రోజు. సింహాద్రిపురం దగ్గర మా అత్తగారి చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, బోరు నీళ్ళు పడే సిమెంటు తొట్టిలోకి మా బామ్మర్ది ఓబులేసు సరదాకు నన్ను తోసినాడు. "కాపాడండ్రో" అని నేను అరిచిన అరుపుకు పక్క తోటలో అరటి గెలలు కోసేవాళ్ళు కొడవండ్లతో పరిగెత్తుకొచ్చినారు. వచ్చి చూస్తే నీళ్ళు నడుము లోతే. నేను కూచోని మునుగుతున్నాను. లేచి నిలబడితే సరిపోతుందన్న సంగతి నాకు తోచలేదు. ఆ పొద్దు నుంచి ఆ ఊర్లో నా పేరు ఎవరికీ గుర్తులేదు. చిన్నాపెద్దా అందరికీ నేను 'కాపాడండ్రో బావ'.

పెన్నేటి ఒడ్డున పుట్టినోనికి ఈత రాదా అని అడిగేవాళ్ళకు నా జవాబు ఒకటే. మా పెన్నేట్లో నేను క్రికెట్ ఆడినాను, బండి తోలడం నేర్చుకున్నాను. ఈత నేర్చుకునేంత నీళ్ళు మాత్రం నాకు తీరికున్నప్పుడు రాలేదు. ఎనిమిదో తరగతిలో బడి మానేసి ప్రొద్దుటూరులో మోటార్లు చుట్టే పనికి చేరినాను. ఇప్పుడు సొంత షాపు. కాలిపోయిన బోరు మోటార్లకు రాగి తీగ చుట్టి మళ్ళీ నీళ్ళు తెప్పిస్తాను. నీళ్ళు పైకొచ్చేదాకే నా పూచీ. వాటిల్లో దిగడం నా లైను గాదు.

ఇట్ల హాయిగా బతుకుతుంటే మేఘన పుట్టింది. ఇప్పుడు తొమ్మిది నెలలు. పేరు వాళ్ళమ్మ రమ పెట్టింది. మా అమ్మ మేఘనను కాళ్ళమీద పండుకోబెట్టి నీళ్ళు పోస్తుంది. నేను పక్కన నిలబడి చూస్తాను. చెంబు లేచేసరికి నాకు ఊపిరి బిగుసుకుంటుంది, పాప కేకలు పెడుతుంది. వారమంతా ఇదే. ఒకరోజు మా అమ్మకు అనుమానం వచ్చింది.

"రేయ్, నువ్వు తలుపు అవతలికి పో. బిడ్డను నీళ్ళు ఏడిపించడంల్యా, నీ మొగం ఏడిపిస్తాంది."

అవతలికి పోయినాను. పాప కిక్కురుమనలేదు. తలుపు సందులోంచి తొంగి చూసినాను. నన్ను చూసింది, ఏడుపు అందుకుంది. మూడుసార్లు చూసినాం, మూడుసార్లూ అంతే. పొయ్యికాడ రమ చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏమప్పా, నా బిడ్డ కూడా రేపు నడుము లోతు నీళ్ళల్లో కూచోని అరవల్లనా? ఆదివారం మా ఊరికి పోదాం. అదే తొట్టి. పాపను ఎత్తుకొని దిగేది కూడా నువ్వే."

ఈ మాట ఫోన్లో విని ఓబులేసు ఒప్పుకోలేదు. "మేనమామను నేనుండంగా బావ ఎందుకు దించల్ల? పుట్టెంట్రుకలు నా తొడమీదనే గదా తీసినారు?" అన్నాడు. రమ వాళ్ళ తమ్మునికి చెప్పిన తీర్పు ఇది: "ఎంట్రుకలు నీవి, నీళ్ళు వాళ్ళ నాయనవి." ఈ విషయంలో నేను మనస్ఫూర్తిగా బామ్మర్ది పక్షమే. నన్ను ఎవరూ అడగలేదు.

మే నెల ఆదివారం, పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరు బస్టాండు. సింహాద్రిపురానికి పులివెందులలో బస్సు మారల్ల. పులివెందులకు నేరుగా పోయే బస్సు ఎదురుగా నిలబడి ఉంది. నేను జమ్మలమడుగు బస్సు ఎక్కించినాను. ఎందుకు అని రమ అడిగింది. పాపకు ఊర్లు చూపిద్దామన్నాను. అసలు సంగతి, దావ ఎంత పొడుగైతే తొట్టి అంత దూరం. కండక్టరు వచ్చి రమ ఆధార్ కార్డు చూసి ఊరికే టికెట్టు ఇచ్చినాడు. పాపకు ఎట్లాగూ లేదు. ముగ్గురం పోతే దుడ్లు నా ఒక్కని దగ్గరే తీసుకున్నాడు, నీళ్ళల్లో దిగాల్సింది కూడా నేను ఒక్కన్నే.

ఏడూ ఇరవైకి జమ్మలమడుగు. బస్టాండు బయట బండి మీద బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు. ఇటు పోయేవాళ్ళు తప్పకుండా తినండి, కానీ బజ్జీ కొరికే ముందు నీళ్ళ సీసా చేతిలో పెట్టుకోండి. మేఘన ఒక్క బొరుగు నాలుక మీద పెట్టుకొని పది నిమిషాలు ఆలోచించింది.

ఎనిమిదీ పదికి పులివెందుల బస్సు. ఊరు దాటగానే పెన్నేటి వంతెన. కింద ఇసుక తెల్లగా మెరుస్తోంది, నడిమధ్యలో రెండు బర్రెలు నిలబడి ఉన్నాయి. పాపను కిటికీ దగ్గర నిలబెట్టి చూపించినాను.

"ఇదే పెన్నేరు మేఘనా. చూడు, ఎంత మర్యాదస్తురాలో. ఎవర్నీ ముంచదు."

"వరదొచ్చినప్పుడు తీసుకొచ్చి చూపించప్పా దాని మర్యాద" అన్నాడు పక్క సీటాయన. తెల్లగడ్డం, తెల్లటోపీ. పేరు మస్తాన్. కువైట్‌లో ఇరవై ఏండ్లు డ్రైవరుగా చేసి వచ్చినాడంట, ఇప్పుడు పులివెందులలో కూతురింటికి పోతున్నాడు. మేఘన అప్పటికే ఆయన గడ్డం గుప్పిట్లో పట్టుకుంది. ఆయన విడిపించుకోలేదు, తల అట్లే వంచి మాట్లాడినాడు. ఎక్కడికి పోతున్నారని అడిగితే రమ మొత్తం చెప్పేసింది, కొడవండ్ల దగ్గర్నుంచి.

మస్తాన్ మామ గడ్డం పాప చేతిలో ఉండబట్టి నవ్వడానికి కూడా ఇబ్బంది పడినాడు.

"మా సేఠు ఇంట్లో పిల్లోల్లకు ఈత నేర్పడానికి ఒకాయన వచ్చేటోడప్పా. వచ్చినోడు ముందు పిల్లోల్లను చూడడు, గట్టుమీద ఉండే తల్లిదండ్రులను లోపలికి తోలేసేటోడు. ఎందుకంటే, చంటిబిడ్డ నీళ్ళను చూడదంట. ఎత్తుకున్నోని మొగం చూస్తాదంట."

"నా మొగమే గదా మామా కష్టం. దాన్ని మార్చుకోవాలంటే ఇంకోటి యాడ దొరుకుతాది?"

"మొగం ఎందుకు మార్చేది? నోటికి పనిబెట్టు. నీకు బాగా తెలిసింది ఏదన్నా చెప్తా ఉండు. పని చేసే నోరు అరవలేదు."

"మరి నీకు ఈత వచ్చునా మామా?"

"ఇరవై ఏండ్లు సముద్రం పక్కన ఉన్యా. చెప్పు కూడా తడపలేదు" అన్నాడు మస్తాన్ మామ.

ముద్దనూరు దాటినాక నల్లరేగడి పోయి రాళ్ళ నేల వచ్చింది, తర్వాత అరటి తోటలు మొదలైనాయి. తొమ్మిదీ యాభైకి పులివెందుల. బస్టాండు ఎదురుగా చీనీ రసం అమ్ముతున్నారు, గ్లాసు ముప్పై. నేను రెండు తాగినాను. మూడోది చెప్పేసరికి రమ గ్లాసు లాక్కుంది. "నువ్వు ఇట్లనే తాగుతాంటే ఆ తొట్టి కూడా ఈడనే ఖాళీ చేసేటట్టుండావు."

పదకొండూ పదికి సింహాద్రిపురం. ఓబులేసు ఆటో మాట్లాడి పెట్టినాడు. ఆటో దిగీ దిగకముందే వీధి అరుగు మీద కూచున్న ఒక పెద్దాయన కేకేసినాడు.

"ఎవురు, కాపాడండ్రో బావేనా? ఈసారి ముందే చెప్పప్పా, కొడవలి ఇంట్లో పెట్టొస్చాం!"

మా అత్త సంగటి, శెనక్కాయలు నూరిన ఊరుబిండి పచ్చడి పెట్టింది. తొట్టి నీళ్ళు ఎండకు కాగాలని మూడున్నర దాకా ఆగినాం. పసిబిడ్డను తీసుకుపోయేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: పొద్దున్నే దించొద్దు, బోరు నీళ్ళు చల్లగా ఉంటాయి. పాలు తాగిన వెంటనే దించొద్దు. డైపరుతో అసలే దించొద్దు. మేము దించినాం. ఆ కథ వస్తుంది.

తొట్టి దగ్గరికి పోతే ఓబులేసు చేతిలో బెండ్లు కనబడినాయి. మా పక్క పిల్లలు బావిలో ఈత నేర్చుకునేది వీటితోనే. ఎండిన కిత్తనార కట్టెను తుంటలుగా కోసి, తాడుకు గుచ్చి, మునగకుండా వీపున కడతారు. రమ ఏడేండ్లప్పుడు కట్టుకున్న బెండ్లంట అవి.

"పాప చిన్నది గదరా, బెండ్లెందుకు?" అన్నాను.

"పాపకు ఎవరు కడతామన్యారు బావా? చేతులెత్తు."

కట్టినాడు. పాత తాడు నా నడుముకు చాలలేదు, ఇంకో మూర తాడు ముడేసినాడు. ముప్పై నాలుగేండ్ల మనిషిని, నడుము లోతు తొట్టి ముందర, ఏడేండ్ల పిల్ల బెండ్లతో నిలబడినాను. ఓబులేసు ఫోను తీసినాడు. "బావా, ఒక్కసారి అరిచేయ్. పాత అరుపు రికార్డు చేయలేదని ఊరంతా బాధపడతాంది."

నేను ఒక మెట్టు దిగినాను. రెండో మెట్టు పాచి పట్టి ఉంది. గట్టుమీద కూచున్న రమ పాపను నా చేతుల్లో పెట్టింది. నవ్వడంల్యా. "దాన్నే చూడు" అనింది మెల్లగా.

మూడో మెట్టు. నీళ్ళు నడుముకు వచ్చినాయి. మేఘన పాదాలు నీళ్ళకు తగిలినాయి. అది కిందికి చూడలేదు. మస్తాన్ మామ చెప్పినట్టే తల ఎత్తి నా మొగం చూసింది. కింది పెదవి ముందుకొచ్చింది. వారమంతా చూసిన పెదవే.

నాకు బాగా తెలిసింది ఒకటే. మొదలుపెట్టినాను.

"మేఘనా, ఇంగో, మోటారు విప్పినామనుకో, ముందు కాలిన తీగ తీసేయల్ల. స్లాటుకు ఎన్ని చుట్లు ఉన్యాయో లెక్కబెట్టి రాసుకోవల్ల. రాసుకోకపోతే మీ నాయన మాదిరి రెండుసార్లు చుట్టల్ల. మూడు ఫేజులు. ఎరుపు, పసుపు, నీలం..."

పెదవి ఆగింది. శ్రద్ధగా వింటోంది. నడుము దాకా దించినాను. ఇంతలో డైపరు నీళ్ళు తాగి పాపకంటే బరువైంది. ఒక చేత్తో పీకి గట్టుమీదికి విసిరితే ఓబులేసు కాళ్ళ దగ్గర చప్పున పడింది. పాప అరిచేత్తో నీళ్ళు కొట్టింది, చేతివైపు చూసుకుంది, మళ్ళీ కొట్టింది. ఇది బాగానే ఉందే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడు కరెంటొచ్చింది.

బోరు మోటారు ఆటోమేటిక్ స్టార్టరుకు ఉంది, కరెంటొస్తే దానంతటదే తిరుగుతుంది. నా తల వెనకాల పైపు ఒకసారి దగ్గింది, రెండోసారి గర్జించింది, మూడోసారి నీళ్ళు ధారగా వచ్చి మా ఇద్దరి నెత్తిన పడినాయి. నాకు కండ్లు కనబడలేదు. ఊపిరాడలేదు. పాత అరుపు గొంతుదాకా వచ్చింది, 'కా' నాలుక మీద ఉంది. పాపను గట్టిగా ఎదకు హత్తుకొని పక్కకు జరిగి కండ్లు తెరిచినాను. మేఘన ఏడ్వడంల్యా. ఏడ్వాలా వద్దా అని ఊపిరి బిగబట్టి, రెప్పల మీద నీళ్ళతో, నన్నే చూస్తోంది. గట్టుమీద రమ లేచి నిలబడింది.

బోరు పైపులోంచి ఆ మోటారు చప్పుడు నా చెవికి అప్పుడు తగిలింది. పోయిన ఎండాకాలం కాలిపోయి మా షాపుకు వచ్చిన మోటారే అది. నా చేత్తో చుట్టింది. ఒక్క గరగర కూడా లేకుండా తిరుగుతోంది.

"కా..." అన్నాను. "కాలిపోయిన మోటారు మేఘనా! మనం చుట్టిందే! విను, ఎట్ల తిరుగుతాందో!"

అని నిజంగానే నవ్వినాను. భయమూ నవ్వూ కలిసి ఎట్లాంటి మొగం తయారైందో నాకు తెలీదు గానీ పాపకు నచ్చింది. మూడు పండ్లూ కనబడేలా నవ్వి, ధారలోకి చెయ్యి పెట్టింది. పొట్టకింద చెయ్యేసి నీళ్ళమీద పండుకోబెడితే కాళ్ళు రెండూ టపటపా కొట్టింది. అట్లే తొట్టి ఈ మూల నుంచి ఆ మూలకు తీసుకుపోయినాను, మళ్ళీ ఈ మూలకు. ఓబులేసు ఫోను దించేసి, "ఒక్కసారి నాకియ్యి బావా, మేనమామను గదా" అని బతిమాలినాడు. ఇయ్యలేదు.

పావుగంట తర్వాత రమ అడిగింది. "ఏమప్పా, నీ బెండ్లు యాడ?"

వీపు తడుముకున్నాను. లేవు. దూరంగా ఇంకో మూలలో తేలుతున్నాయి. మొదట్లో మేఘన నా నడుము దగ్గర తాడు కొస నోట్లో పెట్టుకొని పీకుతుంటే ఆడుకుంటోందనుకున్నాను. ఓబులేసు వేసిన ముడి తొమ్మిది నెలల పిల్ల విప్పేసింది. ఎప్పుడు విప్పిందో నాకు తెలీదు. రమకు తెలుసంట. "చెప్తే కూచుంటావని చెప్పలేదు" అనింది.

మరుసటి పొద్దున మా అత్త పాపకు నీళ్ళు పోస్తుంటే నేను తలుపు అవతలికి పోలేదు. ఎదురుగా పీట వేసుకొని కూచున్నాను. చెంబు లేచింది. మేఘన నన్ను చూసింది. నేను "ఎరుపు, పసుపు, నీలం" అన్నాను. అది రెండు చేతులతో నీళ్ళు కొట్టి నన్ను తడిపింది.

వచ్చేటప్పుడు పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు నేరుగా వచ్చే బస్సే ఎక్కినాం. దావ పొడుగు చేయాల్సిన పని ఇంక లేదు. పాప రమ ఒళ్ళో నిద్రపోయింది. బెండ్లు నా ఒళ్ళో ఉన్నాయి, మా అత్తను అడిగి తెచ్చుకున్నాను. మూడు బస్సుల ప్రయాణం, మూడు అడుగుల లోతు నీళ్ళు. దేశాలు తిరిగినవాళ్ళకు ఇది ప్రయాణమే గాదు. నాకు మాత్రం ఇంతకంటే దూరం పోయిన గుర్తు లేదు.

ముద్దనూరులో ఎక్కినవాళ్ళకు టికెట్లు కొడుతూ వచ్చి, కండక్టరు బెండ్లు చూసి ఆగినాడు. "ఎవురికప్పా ఇవి?"

ఛాతీ విరుచుకొని చెప్పినాను. "మా పాపకు. ఈత నేర్పిస్తాండా."

ఆయన నిద్రపోయే పాపను చూసినాడు. తాడు కొస పట్టుకొని ఒక మూర కొలిచినాడు, రెండో మూర కొలిచినాడు, మూడో మూరకు నా నడుము వైపు చూసినాడు.

"తొమ్మిది నెలలకే మీ పాపకు పొట్ట శానా వచ్చినట్టుందే అప్పా!"