సాయవ్వ కుంటల గీత పరకలు

పదకొండేండ్ల సంది ఒక మాట నా గొంతుల అడ్డం పడి ఉన్నది. మింగుదామంటె దిగదు, కక్కుదామంటె రాదు. నా భార్యకు చెప్పలేదు. చిన్నప్పటి దోస్తుకు చెప్పలేదు. మీకు చెప్తున్న, ఎందుకంటె మీరెవరో నాకు తెల్వదు, నేనెవరో మీకు తెల్వదు. బాన్సువాడల ఉంటనని, పిల్లలకు జీవశాస్త్రం చెప్తనని తెలిస్తె చాలు. నన్ను మంచోడనుకునేటోళ్ళు ఈ ఊర్ల శానా మంది ఉన్నరు. వాళ్ళు నమస్తె పెట్టినప్పుడల్లా నాకు నా మీదనే రోత పుడ్తది.

అప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. చదువు అయిపోయి మా సార్ దగ్గర ఒక పరిశోధనల పనికి కుదిరిన. చెరువులల్ల, కాల్వలల్ల దొరికే చిన్న చేపలు తెచ్చి, ఒక్కో దాని రెక్క అంచు కత్తిరించి, స్పిరిట్ సీసాల వేసి, చీటి అంటించి ఇయ్యాలె. పట్నంల మిషన్ మీద ఆ ముక్కల డీఎన్ఏ చదువుతరు. ఏ నీళ్ళల్ల చేప ఏ నీళ్ళల్ల చేపకు చుట్టమో, ఏది ఎప్పుడు విడిపోయిందో దాంట్ల తెలుస్తది.

డోంగ్లి దిక్కు మెరక మీద ఒక కుంట ఉండె. కాల్వ నీళ్ళు ఎన్నడు అందని జాగ. అండ్ల చేపలు పట్టుకునే ముసలామె పేరు సాయవ్వ అనుకోండి. అసలు పేరు రాసే మొఖం నాకు లేదు. సగం తెలుగు, సగం మరాఠీ మాట్లాడేది. నేను పోయిన మొదటి దినమే వేలెడంత పరక చేపను అరచేతిల పెట్టి చూపిచ్చింది.

"మీ కాల్వ పరకకు తోక కాడ చుక్క ఉంటది బిడ్డ. మా దానికి చుక్క గాదు, గీత. గుడ్లు గూడ తొలి వానకు పెట్టది. వాగు రెండోసారి పారినంకనే పెడ్తది. ఇది వేరే జాతి."

సార్ ఆమె మాటను కొట్టిపారెయ్యలేదు. శానా తరాలు ఒక్క కుంటల్నే ఉండిపోతె చేప మెల్లమెల్లగ వేరే అయితది, కావచ్చు అన్నడు. గీతలు, చుక్కలు నీళ్ళను బట్టి గూడ మారుతయి, అందుకే డీఎన్ఏ చూడాలె అన్నడు. వేరే అని తేలితె ఆ కుంట జోలికి పోవద్దని పై ఆఫీసుకు తనే రాస్తనన్నడు.

ఆ రాతతోని సాయవ్వకు శానా అక్కర ఉండె. ఊరి చేపల సంఘమోళ్ళు కుంటల బ్లీచింగ్ పొడి చల్లి, చిన్న చేపలను చంపి, పెద్ద రకం చేప పిల్లలను వదులుదామని తయారుగ ఉన్నరు. వాళ్ళ లెక్కల పరకంటె కలుపు. సాయవ్వ ఒక్కతే అడ్డం పడ్డది. పరీక్ష అయ్యేదాక ఆగుండ్రి, మిషన్ ఏం చెప్తె అదే వింట అని మాట ఇచ్చింది. నన్ను చూసుకొనే ఆ మాట ఇచ్చింది.

ఎండాకాలం. ఇరవై పరకలను ఆమెనే పట్టి, డబ్బాల నీళ్ళు పోసి, మూతికి తడిబట్ట కట్టి నా బండికి తగిలిచ్చింది. ఇయ్యాల్నే కోయి బిడ్డ, ఎండకు ఆగయి అన్నది. పిట్లం మీదికెళ్ళి బాన్సువాడల నా రూముకొచ్చిన. కూసోని ఒక్క చేప రెక్క కోసిన. సీసాల వేసిన. చీటి అంటిచ్చిన. అప్పుడే ఫోనొచ్చింది, కోటగిరిల దోస్తు ఇంట్ల పెండ్లి దావత్ అని. గంటల వస్త గదా అనుకున్న. మర్నాడు పగటాలకు వచ్చిన. తలుపు తీస్తె వాసన.

అప్పుడన్న ఏం చెయ్యాలె? బండి తీస్తె గంటన్నర తొవ్వ. అవ్వా తప్పయింది, మళ్ళ ఇయ్యి అంటె తిట్టుకుంటనైనా ఇచ్చేది. ఎండల పోవుడు, నాలుగు తిట్లు పడుడు. దానికే జంకిననా? సార్‌కు భయపడ్డనా? ఇన్నేండ్లు తవ్వుకున్నా ఇంతకన్న పెద్ద కారణం నాకు దొరకలేదు, ఏదన్న పెద్ద కష్టమో, పెద్ద ఆశనో ఉండి చేసి ఉంటె ఇయ్యాల జర ఊపిరాడేది కావచ్చు. బద్ధకం, ఇగ అంతే. మార్కెట్‌కు పోయి కాల్వ పరకలు తెచ్చిన. పంతొమ్మిది రెక్కలు కోసి, సీసాల మీద సాయవ్వ కుంట పేరు రాసిన. నా రాత మంచిగుంటది. చీటీలు చూసి సార్ మెచ్చుకున్నడు.

వానలు మొదలైనంక ఫలితం వచ్చింది. పంతొమ్మిది అచ్చం కాల్వ చేపలే. ఒక్కటి మాత్రం వేటితోని కలవకుండ దూరంగ ఉన్నది. సార్ దాని మీద పెన్ను పెట్టి, ఇదేంది, సీసా తారుమారైందా అని అడిగిండు. నాకు తెల్సు. ఆ ఒక్కటే ఆమె చేప. ఇరవైల ఒక్కటే నిజం, దాన్నే ఆయన తప్పు అనుకుంటున్నడు.

"అయ్యుంటది సార్" అన్న.

ఆయన దాన్ని కొట్టేసిండు.

చేపలు కుళ్ళబెట్టిన పాపం ఒకెత్తు, ఈ రెండు మాటలు ఒకెత్తు. ఒక్క చేపతోని ఏదీ రుజువు కాదు, ఆ సంగతి నాకు గూడ తెల్సు, కానీ అప్పటికి కుంట నిండ చేపలుండె, నేను నోరు తెరిస్తె మళ్ళ పట్టుకొచ్చి చూసేటోళ్ళు. మహా అంటె నా పని పోయేది. ఆ పని ఎట్లైనా ఇంకో యేడాదికి అయిపోయింది.

ఊర్ల చెప్పొచ్చే పని గూడ నాకే పడ్డది. సంఘమోళ్ళందరి ముంగట చెప్పిన, రెండు ఒక్కటే అని. ముసల్దానికి కండ్లు పోయినయని ఎవరో ఇకిలిచ్చిండు. సాయవ్వ ఇచ్చిన మాట మీద నిలబడి పక్కకు జరిగింది. పొడి చల్లిననాడు నేను పోలేదు. ఒడ్డు పొంటి తెల్లగ తేలినయని తర్వాత విన్న.

పోయిన యేడు బాన్సువాడ దవాఖాన ముంగట ఆమె కనబడ్డది. కోడలు చెయ్యి పట్టుకోని మెట్లు దిగుతుంది. తప్పించుకుందామని చూసిన. ఆమెనే పిలిచింది.

"మంచిగున్నవా బిడ్డ? కండ్లు చూపిచ్చుకుందామని వచ్చిన."

"ఏమన్నరవ్వా?"

"పొర లేదంట, ఏం లేదంట. ఈ వయసుకు గింత మంచి చూపు ఉండుడే గొప్ప అన్నది డాక్టరమ్మ." జరసేపు నా మొఖం దిక్కు చూసింది. "ఇన్నేండ్లు నా కండ్లే ఖరాబైనయనుకున్న. మరి గప్పుడు గా గీత ఎట్ల కనబడ్డది బిడ్డ? చదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నోటి దాక వచ్చింది. ఒట్టు, నాలిక మీదికి వచ్చింది.

"నీళ్ళ రంగుకు అట్ల కనబడ్తదవ్వా."

"అట్లనా," అన్నది. "నేను ఊకెనే గా సంఘమోళ్ళతోని కొట్లాడితిని."

కోడలు ఆటోను ఆపింది. ఇద్దరు ఎక్కి పోయిండ్రు.

మొదటి అబద్ధం ఆడిననాడు చిన్నోన్ని అనుకోవచ్చు. ఈ రెండోదానికి నా వయసు ముప్పై నాలుగు. ప్రతి యేడు క్లాసుల జీవపరిణామం పాఠం వస్తది. వేరుపడ్డ నీళ్ళల్ల కొత్త జాతి ఎట్ల పుడ్తదో చెప్పుకుంట బోర్డు మీద చేప బొమ్మ గీస్త. తోక కాడ చుక్క పెట్టి ఆపేస్త. గీత గీస్తె, అది యాడ దొరుకుతది సార్ అని పిల్లలు అడుగుతరు.

సాయవ్వకు ఈ కాగితం చేరదు. ఆమెకు చదువు రాదు, పోయి చదివి వినిపిచ్చే ధైర్యం నాకు లేదు. మాఫీ అడుగుతలేను. అడిగితె ఆమె ఇచ్చేస్తది, దానికే నాకు భయం. కానీ ఒక్క మాట ఎక్కడనో ఒక కాడ రాసి ఉండాలె.

అవ్వా, నీ కండ్లు అప్పుడు గూడ మంచిగనే ఉండె. ఆ దినం నీ అరచేతిల గీత ఉండె. నేను గూడ చూసిన.