తెరమీద మెట్ల లైటు

పులివెందులలో ఇల్లు కట్టుకున్నవాళ్లు చాలామంది సంజీవ్‌ను ఎరుగుదురు. ఇరవై రెండేళ్లు ఆ ఊళ్లో కరెంటు వైరింగు చేసినాడు. మూడేళ్ల కిందట సింహాద్రిపురంలో ఒక మిద్దె పని చేస్తుంటే నిచ్చెన జారి కుడి మణికట్టు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ చేతికి పట్టు రాలేదు. స్క్రూడ్రైవర్ అందుకుంటే వేళ్లు వణుకుతాయి.

భార్య హెప్సిబా జమ్మలమడుగులో టీచరు. అన్నేళ్లూ రోజూ బస్సులో పోయి వచ్చేది. ఇంక పులివెందులలో పనేముందని ఇద్దరూ జమ్మలమడుగుకు మారినారు. అక్కడ ఎవరింటికి పోయినా సంజీవ్ కళ్లు ముందు స్విచ్చి బోర్డు మీదికే పోయేవి. మనిషి మాట్లాడతాంటే వినేవాడు కాదు. హెప్సిబా అది కనిపెట్టింది.

"ఎడమచెయ్యి బాగనే ఉంది గదా. కంప్యూటరు నేర్చుకోగూడదా?" అనింది.

అట్లా నలభై ఎనిమిదో ఏట ప్రొద్దుటూరు బస్సెక్కినాడు. అక్కడి కంప్యూటరు సెంటర్లో పాఠం చెప్పే ఇరమ్‌కు పాతికేళ్లు కూడా లేవు. నెల తిరిగేసరికి ఆ పిల్ల తెరమీద ఒక కిటికీ, అందులో ఒక బటన్ వచ్చేట్టు ప్రోగ్రాము రాయమనింది. నొక్కితే "ఆన్" అని పడాల, మళ్లీ నొక్కితే "ఆఫ్" కావాల.

సంజీవ్‌కు నవ్వొచ్చింది. స్విచ్చి గురించి నాకు చెప్పేదేముంది అనుకున్నాడు. రాసి నొక్కితే "ఆన్" వచ్చింది. మళ్లీ నొక్కితే "ఆన్". పదిసార్లు నొక్కినా అంతే.

"ఏందమ్మా ఇది, ఇరుక్కుపోయిన స్విచ్చి మాదిరుంది?"

"గోడమీది స్విచ్చి పైకుందో కిందికుందో అదే నిలబడి చెప్తుందన్నా. దీనికి ఆ గుర్తు లేదు. ఇప్పుడు ఎట్లుందో మనమే ఒక పేరు కింద దాచిపెట్టాల. నొక్కినప్పుడల్లా దాన్ని తిరగెయ్యాల."

సంజీవ్ ఒక వరుస కొత్తగా రాసి నొక్కినాడు. ఆఫ్. ఆన్. ఆఫ్. సంతోషమే గానీ, గోడ స్విచ్చి నొక్కితే టక్కుమని తగిలే బిగువు వేలికింద తగల్లేదు. ఆ బిగువు కోసం చెయ్యి ఎంత తపించిందో అప్పుడు తెలిసింది. కళ్లు తుడుచుకొని, దుమ్ము పడిందన్నాడు.

మరుసటి వారం ఎవరూ అడగకుండానే ఇంకో పని మొదలుపెట్టినాడు. మెట్ల కింద ఒక స్విచ్చి, పైన ఒకటి, మధ్యన ఒకే బల్బు. ఏది నొక్కినా బల్బు మారాల. ముందు కాగితం మీద తీగలు గీసుకున్నాడు. రెండు స్విచ్చిలూ ఒకే తీరుగా ఉంటే చీకటి, వేరువేరుగా ఉంటే వెలుతురు. దాన్ని ఒక్క వరుసలో రాసినాడు. ఇరమ్ చూసి, "నేనైతే ఇరవై వరుసలు రాసుందును. యాడ నేర్చుకున్నావన్నా?" అనడిగింది.

"శానా ఇండ్ల మెట్లమీద," అన్నాడు సంజీవ్.

దాన్ని పాత జతగాడు ఖలందర్‌కు చూపించాలని పులివెందులకు పోయినాడు. ఖలందర్ కొత్త మిద్దెలో తీగలు లాగుతాండాడు. ల్యాప్‌టాప్ మీద బల్బును నాలుగుసార్లు ఆర్పి వెలిగించి, "మా కొత్తోళ్లకు ఇదే చూపించు మామా. ఎంత చెప్పినా వాళ్లకు ఈ టూవే స్విచ్చి సంగతి తలకెక్కడంలే" అన్నాడు. ఆ కొత్తోళ్లిద్దరూ సిమెంటు మూటలమీద కూచుని నేర్చుకున్నారు. నేర్చుకోగానే లేచి నిచ్చెన దగ్గరికి పోయినారు. సంజీవ్ మూటల దగ్గరే నిలబడినాడు.

ఇప్పుడు ప్రతి శనివారం పులివెందులకు పోయి కొత్తగా పనిలో చేరినోళ్లకు పాఠం చెప్తాండాడు. జమ్మలమడుగు నుంచి పోయేటప్పుడు ముద్దనూరు దాటినాక, దోవ పక్కన సగం కట్టిన ఇల్లు కనబడితే చాలు, స్లాబులోంచి వైరు పైపులు ఎక్కడ దిగినాయో చూడాలని కిటికీలోంచి వంగుతాడు. బస్సు ఆ ఇల్లు దాటిపోయినా శానాసేపు మెడ ముందుకు తిప్పడు.