ఒరిగిన నిలువురాయి

ములుగు అవతల గుట్ట మీద మా చెలక ఉండేది. ఆ మెట్టచేను నడుమ రెండు నిలువుల ఎత్తున ఒక రాయి. ఏనాటి మనుషులో చచ్చిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టారని బళ్లో మాస్టారు చెప్పేవారు. నా చిన్నప్పుడే సర్కారువాళ్లు వచ్చి, ముట్టుకుంటే శిక్ష తప్పదని పక్కనే బోర్డు పాతి వెళ్లారు. బాపు దాని చుట్టూ నాగలి తిప్పుకుని జొన్న వేసేవాడు.

ఎనభైల మొదట్లో, నేను వరంగల్‌లో డిగ్రీ చదివే రోజుల్లో, ఒక వానాకాలం ముసురు వారమైనా విడవలేదు. ఆదివారం ఇంటికి వచ్చేసరికి రాయి పడమటికి ఒరిగి ఉంది. రాయి మొదలు దగ్గర మట్టి కోసుకుపోయి చెయ్యి పట్టేంత సందు. బాపు అప్పటికే బండెడు గుండ్రాళ్లు తెచ్చి కుప్ప పోశాడు.

"సందుల రాళ్లు పేర్సి మట్టి తొక్కుదాం బిడ్డా. పొద్దుగూకేదాంక అయిపోతది."

నేనే అడ్డం పడ్డాను. "అద్దు బాపూ, కేసైతది. నేను ఆఫీసుల చెప్త, వాళ్లే వస్తరు."

చదువుకున్న బిడ్డ మాట కదా అని బాపు ఆగిపోయాడు.

మర్నాడే వరంగల్‌లో, ఆ బోర్డు పాతినవాళ్ల ఆఫీసులో అర్జీ ఇచ్చాను. "సారు క్యాంపుల ఉన్నడు" అన్నాడు గుమస్తా. మరో వారం పోతే "హైదరాబాద్‌కు రాసినం" అన్నాడు. మూడోసారి నవ్వాడు కూడా. "ఇంక పడలేదు గదమ్మా, ఎందుకంత ఫికర్?"

కోపంగా బయటికొచ్చాను. ఇంకో రెండు అర్జీలు రాశాను. ఎవరూ రాలేదు.

దసరాకు ముందు రాయి పడి రెండు ముక్కలైంది. అప్పుడు మాత్రం నాలుగు రోజుల్లో జీపు వచ్చింది. ఆఫీసరు టేపు పెట్టి కొలిచి, బాపు వైపు తిరిగాడు.

"దీని చుట్టూ దున్నిందెవరు?"

"నేనే సారూ."

"ఈ రాళ్లెందుకు తెచ్చావు? పడగొట్టడానికా?"

నేను అర్జీల నకళ్లు ముందు పెట్టాను. ఆయన వాటిని విప్పి చూడలేదు. "అవి మా సెక్షన్‌కు రాలేదమ్మా" అన్నాడు. దున్నడం వల్లే మొదలు వదులైందని కాగితం రాసుకుని, బాపు చేత వేలిముద్ర వేయించుకున్నారు. కేసు పెట్టలేదు. అదే తమ దయ అన్నట్టు చెప్పి జీపెక్కారు.

ఆ రోజు బాపు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వేలికంటిన సిరాను పంచెకు తుడుచుకుని, "నువ్వు నడువు బిడ్డా, బస్సు టైమైతాంది" అన్నాడంతే.