మా బావ సీసాలో నా చాయ్

ఏళ్ల నుంచి నా ఛాతీ మీద ఒక ప్లాస్టిక్ సీసా కూర్చుని ఉంది. అరచేతిలో పట్టేంతే. బరువు మాత్రం సూర్యాపేట మార్కెట్‌కొచ్చే ధాన్యం లారీ అంత. మీరు మా చుట్టాలు కారు కాబట్టి మీకు చెప్తున్నాను.

నేను ఊళ్లో లేని రోజు మా వీధి చాయ్ బండికి సెలవే. రక్తం తక్కువుంది, చాయ్ మానమన్నాడు డాక్టరు. మానేశానని నా భార్యకు చెప్పాను. బండికి చెప్పలేదు.

మిర్యాలగూడలో ఉండే మా బావ నిజంగానే మానేశాడు. అక్క దవాఖానలో చావుబతుకుల్లో ఉన్నప్పుడు, ఆమె లేచి కూర్చుంటే జన్మలో చాయ్ ముట్టనని మొక్కుకున్నాడు. అక్క లేచింది.

కోదాడలో చుట్టాల గృహప్రవేశానికి అందరం కలిశాం. అక్కడికే తిండి అలవాట్ల సర్వే వాళ్లొచ్చారు. చాయ్ తాగుతారా అని అడిగితే, పక్కనే భార్య, ముట్టనన్నాను. బావ కూడా అదే అన్నాడు. చాయ్ తాగిన మనిషి మూత్రంలో దాని గుర్తు మిగిలిపోతుందట, మిషన్ పట్టేస్తుందట. మూత్రం పట్టివ్వమని చెరో సీసా ఇచ్చారు.

నా ఒంట్లో ఆ పూట నెత్తురు కాదు, అల్లం చాయ్ పారుతోంది. బావ తన సీసా బాత్రూం గట్టు మీద పెట్టి చేతులు కడుక్కోవడానికి పోయాడు. రెండు సీసాల పేర్ల చీటీలు పీకి అటుది ఇటు, ఇటుది అటు అంటించాను. ఎందుకు? భయమా? కొంటెతనమా? అప్పుడు నవ్వొచ్చినట్టు కూడా గుర్తు. అదే అర్థం కాదు.

తర్వాత సర్వే వాళ్ల ఫోన్లొచ్చాయి. నేను శుద్ధం. నా భార్య వాడకట్టంతా చాటింది. బావ ఫోను అక్క ఎత్తింది. "నా పాణం మీది మొక్కు తప్పినవా?" అని ఒక్కమాట అడిగి, ఆయనతో మాటలు బంద్ పెట్టింది.

బావ సూర్యాపేట బస్సెక్కి నా దగ్గరికే వచ్చాడు.

"బామ్మర్దీ, నీ మీదొట్టు, చుక్క ముట్టలే. గా మిషన్ తప్పు చెప్తదా?"

"చెప్పదు బావా."

"అయితే నిద్రల లేసి తాగుతున్ననా?"

చెంబుతో మంచినీళ్లు అందించాను. తాగి, తనే తేల్చుకున్నాడు.

"గంతే అయి ఉంటది. తెల్వక తాగితే మొక్కు తప్పినట్టు కాదని జర మీ అక్కతోని నువ్వన్న చెప్పు."

చెప్పాను. అదింకా పెద్ద తప్పో, చిన్న సాయమో నాకిప్పటికీ తేలలేదు. అక్క ఆయనతో మళ్లీ మాట్లాడింది. చాయ్‌పత్తి డబ్బాకు తాళమేసి, తాళంచెవి కొంగుకు కట్టుకుంది. తన ఒళ్లు కాస్త వెచ్చబడినా, మొక్కు తప్పినందుకేనన్నట్టు ఆయన వైపు చూస్తుంది. ఆయన తల దించుకుంటాడు. తన మీద తనకే నమ్మకం పోయిన మనిషి ఎట్లా చూస్తాడో నాకు తెలుసు. మొక్కు నిలబెట్టుకున్నాడని భూమ్మీద తెలిసింది నాకొక్కడికే, ఆయనకు కూడా తెలియదు.

మిషన్ తప్పు చెప్పలేదు. చీటీలు మార్చింది నేను. ఇదిగో, ఒకసారైనా పూర్తిగా అన్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

తాళంచెవి ఇంకా అక్క కొంగుకే ఉంది.