నూట పన్నెండో సీడీ

గవర్నర్‌పేటలో మా అక్క పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియో భాయ్ ఏది అడిగినా ముందు "ఉందండీ" అనేవారు. సీడీల జాబితా అంతా కంప్యూటర్లోకి ఎక్కించారు. పెళ్లివారి పేరు కొడితే సీడీ నంబరూ, తపాలాబిళ్లంత ఫొటోలూ కనబడేవి.

అమ్మ పోయాక, ఆ పెళ్లిలో తను నవ్విన ఫొటో కోసం వెళ్లాను. తెరమీద అమ్మ నవ్వుతోంది. సీడీల పెట్టెలో మాత్రం ఆ పెళ్లిది, నూట పన్నెండో సీడీ, లేదు.

"పోయిందా భాయ్?"

"సీడీ లేదండీ. ఫొటో ఉందండీ."

పెద్దది చేయమంటే అమ్మ ముఖం గళ్లుగళ్లుగా చెదిరిపోయింది. ఆయన గబుక్కున చిన్నది చేసేశారు.

"మరి జాబితాలో ఎందుకుంచారు?"

"తీసేస్తే, మీరొచ్చినప్పుడు లేదనాలి కదండీ!"

కోప్పడాలో, దణ్ణం పెట్టాలో తెలియలేదు. ఎందుకో మరి, ఆ తర్వాత అటు వెళ్లినప్పుడల్లా తలుపులోంచి తొంగిచూసి అడిగేవాణ్ణి.

"అమ్మ ఉందా భాయ్?"

"ఉందండీ."